అల్లుడి పేరు మీద నా చదరంగం

ఆ రోజుల్లో నేను చాలా చిన్నదాన్ని. నాకు అప్పుడు అరవై మూడేళ్ళు. (నవ్వకుండా రాయవే మనవరాలా. చెప్పేదాన్ని నేను, రాసేదానివి నువ్వు.) మనిషి వయసు వేరు, ఆట వయసు వేరు. పదిహేడో ఏట పెళ్ళయి చదరంగం బోర్డు మూసేశాను, మళ్ళీ తెరిచింది నలభై ఆరేళ్ళ తర్వాత. మధ్యలో పోయిన ఏళ్ళు వంటింట్లో పడ్డాయి కానీ ఆటలో పడలేదు కదా. అందుకని ఆ సంవత్సరం నేను చేసిన తిక్క పనులన్నీ పడుచుతనం కింద రాసుకోవాలి. పడుచుతనంలో మనిషికి కాలు ఒకచోట నిలవదంటారు. నాకూ నిలిచేది కాదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి తిరుగుతూనే ఉండేదాన్ని. మీ అమ్మ "ఏమిమ్మా, కాళ్ళకు చక్రాలు కట్టుకుండావా" అని అరిచేది. కాళ్ళకు కాదు, తలకాయలో గుర్రాలు పరిగెత్తేవి. ఆ సంగతి చెప్పుకోవడానికి లేదు.

ఆట నాకు మా నాయన నేర్పలేదు, నేనే దొంగిలించాను. మా నాయన హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టులో దలాలి. వేలం మొదలయ్యేలోపు వ్యాపారులంతా ఖాళీ గోతాల మీద కూర్చుని చదరంగం ఆడేవాళ్ళు. నేను మా నాయనకు సద్ది క్యారియర్ తీసుకుపోయి, ఆయన తినేదాకా పక్కన నిలబడి చూసేదాన్ని. ఆయన ఒక్కో ముద్దకూ ఒక్కో ఎత్తు ఆలోచించేవాడు కాబట్టి తిండి చాలాసేపు పట్టేది. అట్లా చూసీ చూసీ, పదమూడో ఏట ఒకరోజు, ఎవరో ఆట మధ్యలో లేచిపోతే నేను కూర్చున్నాను. ఎదురుగా ఉన్నది మీసాల సేటు. కాసేపటికి ఆయన మీసం కొరుక్కుంటూ, "ఏమప్పా, నీ కూతురు నా రాజును మూలకు కట్టేసిందే, పగ్గం కూడా ఇంటినుంచే తెచ్చినట్టుండాది" అన్నాడు. మా నాయన ఆ మాట మార్కెట్టంతా చెప్పుకు తిరిగాడు. ఆ తర్వాత పెళ్ళి. అత్తవారింట్లో బోర్డు లేదు. ఉన్నా ఎవరు ఆడనిస్తారు.

ఇక బెంగళూరులో యలహంక ఇంటికి వస్తాను. మీ తాత పోయాక నేను కూతురి ఇంటికి వచ్చేశాను. అల్లుడు చాలా మంచివాడు. (మీ నాన్నే. భయపడకు, నీ చేత ఇది రాయించుకుంటున్నానని ఆయనకు చెప్పాను, సరే అన్నాడు.) మంచివాడు కాబట్టే మా ఇద్దరి మధ్యా మాటలు లేవు. మా వైపు అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, నేరుగా మాట్లాడదు. మాట్లాడాలంటే తలుపు వెనక నిలబడి కూతురితో చెప్పాలి. కూతురు ఆయనతో చెప్పాలి. పదకొండేళ్ళు అట్లాగే జరిగింది. ఆయన హాల్లో కూర్చుని ఉంటాడు, నేను రెండు బారల దూరంలో వంటింటి తలుపు వెనక ఉంటాను. "పాపా, ఆయప్పను కాఫీ చల్లారకముందే తాగమను" అంటాను. ఆయన పేపరు దించకుండా, "తాగుతా అని చెప్పు" అంటాడు. మధ్యలో మీ అమ్మ, "ఇద్దురికీ చెవులుండాయి కదా, నన్నెందుకు నంజుకు తింటారు" అనేది. మర్యాద అంటే అదే మరి. మధ్యలో ఉన్నవాళ్ళకు విసుగు పుట్టించేదే మర్యాద.

అల్లుడు కొత్త ఫోన్ కొన్నాక, పాత ట్యాబ్ నాకిచ్చాడు, ప్రవచనాలు వినమని. (నేరుగా ఇవ్వలేదు. మీ అమ్మ చేతికిచ్చాడు, ఆమె నా చేతికిచ్చింది.) రెండు రోజులు బుద్ధిగా విన్నాను. మూడో రోజు ఒక మూల గుర్రం తలకాయ బొమ్మ కనిపించింది. నొక్కాను. గళ్ళు పరుచుకున్నాయి. నల్లవీ తెల్లవీ, అన్నీ వాటి వాటి స్థానాల్లో నిలబడి ఉన్నాయి, నలభై ఆరేళ్ళుగా నాకోసమే కాచుకుని ఉన్నట్టు. కింద "ఆడు" అని అర్థమొచ్చే మాట ఉంది. నొక్కేశాను. పైన మాత్రం అల్లుడి ఫోటో ఉంది, బైకు మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. పేరు "యలహంక హులి" అని ఉంది. హులి అంటే కన్నడంలో పులి. ఆ పులి అంతకుముందు ఆడింది కాసిని ఆటలే, అన్నీ ఓడిపోయింది. ఆ రోజునుంచి ఆ కళ్ళద్దాల వెనక నేను కూర్చున్నాను.

వంటయ్యాక ఒకటి, బట్టలారేశాక ఒకటి, మధ్యాహ్నం కునుకు మానేసి నాలుగు. ఏ దేశంవాడో తెలియదు, ఏ భాషవాడో తెలియదు, నేను ముసలిదాన్నని వాడికి తెలియదు. ఎంత హాయో! ఓడితే బైకు మీదున్న అల్లుడు ఓడేవాడు, గెలిస్తే నేను గెలిచేదాన్ని. అందుకని నాకు భయమే ఉండేది కాదు. పేరు పక్కనున్న నంబరు చింతచెట్టు ఎక్కే కోతిలాగా పైకి పోతూనే ఉంది. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. రాహుకాలంలో ఎదుటివాడి మీద చెయ్యి చేసుకోను. ఆట మొదలైపోయి, అంతలో రాహుకాలం వచ్చిపడితే, ఏదీ కొట్టకుండా, ఏదీ కొత్తగా మొదలుపెట్టకుండా, ఉన్నచోటే ఏనుగును ఇటు ఒకటి అటు ఒకటి జరుపుతూ కాచుకుంటాను. అది దాటాక చూడాలి నా సంగతి. (రాహుకాలం ఉందో లేదో నాకూ తెలియదు. కానీ లేదని రుజువయ్యేదాకా జాగ్రత్తగా ఉండటంలో నష్టమేముంది?)

అప్పుడే అల్లుడికి కుందలహళ్ళిలో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆరు నెలలు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తారట. ముందరి కంపెనీ మూతపడి మూడు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషి, ఈ ఉద్యోగం ఖాయమైతే చాలని రోజూ రెండు గంటలు బస్సులో పోయి రెండు గంటలు వచ్చేవాడు. ఆ ఆఫీసులో పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అందరూ "దొడ్డ సారు" అంటారు. పాత బెంగళూరు మనిషి, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఖాయం చేసే కాగితం మీద సంతకం ఆయనదే. ఆయనకు చదరంగమంటే ప్రాణం. ఆఫీసు తరఫున ఒక జట్టు తయారుచేస్తున్నాడు. ఒకరోజు క్యాంటీన్లో తన ఫోన్ చూస్తూ, ఎదురుగా ఉన్న అల్లుడి ముఖం చూశాడట, మళ్ళీ ఫోన్ చూశాడట.

"యలహంక హులి నువ్వేనా అప్పా?"

"అకౌంటు నాదే సార్," అన్నాడు అల్లుడు. అది నిజమే కదా.

దొడ్డ సారు లేచి నిలబడి, "చూడ్రప్పా, మన పక్కనే ఇంత పెద్ద ఆటగాడుండాడు, సుమ్నే కూర్చుని చిత్రాన్నం తింటా ఉండాడు!" అని అరిచాడట. (సుమ్నే అంటే ఊరికే.) క్యాంటీనంతా చప్పట్లు. జట్టులో మొదటి పేరు అల్లుడిదే రాసేశారు. చప్పట్లు ఆగాక నిజం చెబుదామనుకున్నాడట పాపం. ఆగేసరికి దొడ్డ సారు జిలేబీ తెప్పించి నోట్లో పెట్టాడు. జిలేబీతో నిజం చెప్పడం ఎవరివల్ల అవుతుంది?

సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే మీ అమ్మను అడిగాడు. "ట్యాబ్‌లో ఎవరు చెస్ ఆడతా ఉండారు?"

"నాకేం తెల్సు. నేను పొద్దున్నుంచి మిషను కుడతా ఉండా."

"మరి ఇంట్లో ఇంకెవరుండారు?"

(నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు.) ఇద్దరూ వంటింటి తలుపు వైపు తిరిగారు. నేను తలుపు వెనక చట్నీకి పప్పు వేయిస్తున్నట్టు గరిటె తిప్పాను. పొయ్యి వెలిగించలేదు.

"అమ్మా, నువ్వేనా?"

"ప్రవచనం మధ్యలో వచ్చిందే, నొక్కితిని," అన్నాను.

"ఆడొద్దని చెప్పు," అన్నాడు అల్లుడు. మరునాడు ఆఫీసునుంచి వచ్చి, తలకాయ గోక్కుంటూ, "నిన్న ఆడిన ఆట సూపర్ అని సార్ అంటా ఉండాడు. ఆపితే అనుమానమొస్తాది. ఆడమని చెప్పు," అన్నాడు. అట్లా ఒకరోజులో నా ఆటకు సెలవూ, మళ్ళీ ఆర్డరూ వచ్చాయి. పోటీలింకా దూరం కాబట్టి ఆయన్నెవరూ బోర్డు ముందు కూర్చోబెట్టలేదు. నాలుగు నెలలు గడిచాయి. నేను గెలిచినప్పుడల్లా అల్లుడు ఆఫీసులో తల దించుకుని చప్పట్లు తీసుకునేవాడు.

ఐదో నెలలో ఒక కాగితం వచ్చింది. జట్టులో ఒక్కొక్కరి ఆటా కూర్చుని చూసి, దొడ్డ సారు ఒక్కొక్కరికీ రాసిచ్చాడట. మూడు భాగాలు. ఆట తీరు, బలాలు, బాగుపడాల్సినవి. ఇంగ్లీషులో ఉంటే మీ అమ్మ గుమ్మంలో నిలబడి తెలుగులో చెబుతూ పోయింది. నేను తలుపు వెనక చీపురు పట్టుకుని ఊడ్చినచోటే ఊడుస్తూ విన్నాను.

"ఆట తీరు: ఈయన నెమ్మదిగా ఇల్లు సర్దుకుంటాడు, ఆ తర్వాత తుఫానులాగా మీద పడతాడు. ఎదుటివాడికి ఊపిరాడనీయడు."

"ఇంకా?" అన్నాను.

"ఉండమ్మా, చదువుతా ఉండా కదా. బలాలు: భయం లేదు. ఆట చివర్లో బంట్లను పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు అవతలికి తీసుకుపోతాడు. ఇంత ఓపిక ఈ వయసు మగవాళ్ళలో నేను చూడలేదు."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. నాకు చీపురు ఆగిపోయింది. అరవై మూడేళ్ళలో నా గురించి ఎవరైనా కాగితం మీద ఏమైనా రాశారంటే, అది రేషన్ కార్డులోనూ ఆస్పత్రి చీటీలోనూ. ఆస్పత్రి చీటీలో బలాలు రాయరు కదా. ఆ మాటలు ఇంకోసారి చదవమని అడగాలనుంది, అడిగితే బాగుండదు. "పాపా, నీకు ఇంగ్లీషు సరిగా వస్తాదా, ఇంకోసారి చూసి చెప్పు," అన్నాను. మీ అమ్మకు కోపమొచ్చింది కానీ ఇంకోసారి చదివింది.

"బాగుపడాల్సినవి. ఒకటి: పెద్ద పావు ఊరికే దొరుకుతుందంటే ఆగలేడు. వెనకాముందూ చూడకుండా కొట్టేస్తాడు. ఎర కనిపిస్తే చేపలాగా వస్తాడు."

"అబద్ధం!" అన్నాను. (నిజమే. వంకాయలు రెండు ఎక్కువ వేస్తానంటే చాలు, పుచ్చులు కూడా తెచ్చేసే మనిషిని.)

"రెండు: ఒక్కోసారి ఏమవుతుందో, ముడుచుకుని కూర్చుంటాడు. ఏదీ కొట్టడు. సోమవారం పొద్దున ఏడున్నరనుంచి తొమ్మిది, మంగళవారం మూడునుంచి నాలుగున్నర, బుధవారం పన్నెండునుంచి ఒకటిన్నర... కారణం తెలియలేదు. ఆఫీసు ఒత్తిడా?"

నాకు నవ్వు ఆగలేదు. చెంగు నోట్లో కుక్కుకున్నాను. అంత చదువుకున్న మనిషి, గోడ మీద క్యాలెండర్ చూస్తే తెలిసిపోయేదానికి పటాలు గీసుకున్నాడు. కానీ హాల్లో అల్లుడు నవ్వలేదు. కాగితం మీ అమ్మ చేతిలోంచి లాక్కుని చూశాడు. ముఖం తెల్లబోయింది.

"మంగళవారం మూడింటికి... ఆఫీసు టైమ్ కదా," అన్నాడు. "ఏ రోజు ఏ గంటకు ఆడిందీ ఆ సైట్‌లో ఉంటాది. నేనే ఆడినానంటే, ఆఫీసులో పని మానేసి ఆడినట్టు. నేను ఆడలేదంటే, నాలుగు నెలలు అబద్ధం చెప్పినట్టు. రెండిట్లో ఏది చెప్పినా ఉద్యోగం పోతాది."

ఆయనే మళ్ళీ అన్నాడు: "ఇంకోటి చెప్పలేదు మీకు. ఆదివారం సాయంత్రం ఐదింటికి సార్ మనింటికొస్తాడు. కాఫీ తాగి, ఒక ఆట ఆడి పోతాడంట, నాతో."

"ఆదివారం ఐదా!" అన్నాను నేను తలుపు వెనకనుంచి. "అది రాహుకాలమే!"

"అమ్మా, ఇప్పుడు అదా నీ బాధ?" అంది మీ అమ్మ.

శనివారం మధ్యాహ్నమంతా అల్లుడికి పాఠం. ట్యాబ్ హాల్లో బల్ల మీద ఉంది, ఆయన దాని ముందు, నేను తలుపు వెనక, మీ అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. నాకు గళ్ళు కనిపించవు. ఆయన ఏం కదిపాడో మీ అమ్మ చెప్పాలి. ఆమెకు ఏనుగేదో ఒంటేదో తెలియదు.

"పొడుగ్గా ఉండేదాన్ని ముందుకు తోసినాడమ్మా."

"పొడుగ్గా అంటే? రాజా, మంత్రా?"

"నెత్తిన ఏదో ఉండాది."

"అన్నిటి నెత్తినా ఏదో ఒకటి ఉంటాదే!"

"నేను చిక్కుడుకాయలు చూడాల్నా, నెత్తులు చూడాల్నా?"

"ఇంత తొందరగా మంత్రిని బయటికి తీయొద్దని చెప్పు. కొత్తకోడల్ని మొదటిరోజే సంతకు పంపినట్టు."

మీ అమ్మ అటు తిరిగి, "నన్ను మొదటివారమే మీ అమ్మ సంతకు పంపింది, గుర్తుందా?" అంది. ఆటలోంచి గొడవ వాళ్ళింటికి పోయింది. దాన్ని అక్కడినుంచి తిరిగి గళ్ళలోకి తెచ్చేసరికి కాఫీ వేళయింది. చివరికి అల్లుడికి ఒకటే చెప్పించాను: "రేపు ఆరు గంటలదాకా ఏదీ కొట్టొద్దు. కాచుకుని కూర్చోమను. ఆరు దాటితే దేవుడుండాడు." ఆయన బుద్ధిమంతుడైన పిల్లవాడిలాగా తలూపి, అరచేతిలో పెన్నుతో "ఆరు" అని రాసుకున్నాడు.

ఆదివారం దొడ్డ సారు ఐదుకు ఐదు నిమిషాలుండగానే వచ్చాడు. బట్టసంచీలో కొయ్య బోర్డు, కొయ్య పావులు. తెల్లటి మీసం, మెత్తటి మాట. "ఏం తల్లీ, బాగుండారా? స్ట్రాంగ్ కాఫీ స్వల్ప ఇవ్వండి, చాలు," అని మీ అమ్మతో అన్నాడు. పావులు బోర్డు మీద పెడుతున్న చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. కొయ్య చప్పుడు! మార్కెట్టులో గోతాల మీద విన్నాక మళ్ళీ అదే వినడం. నా ఒళ్ళంతా లేచి నిలబడింది. తలుపు సందులోంచి చూస్తే బోర్డు బాగానే కనిపించింది. అదే నా ఖర్మ.

అల్లుడు చెప్పినట్టే ఆడాడు. ఏదీ కొట్టలేదు. బంటు దొరికితే కొట్టలేదు, గుర్రం దొరికితే కొట్టలేదు. ఏనుగును అటు జరిపాడు, ఇటు జరిపాడు. దొడ్డ సారు ఒక్కో ఎత్తుకూ మీసం దువ్వుకుంటున్నాడు. నేను వంటింట్లో ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగాను. పంచదార డబ్బా మూత తీశాను, పెట్టాను. మళ్ళీ తీశాను. మీ అమ్మ కాఫీ వడపోస్తూ, "అమ్మా, నిలబడు. నువ్వు తిరిగితే నాకు కళ్ళు తిరగతా ఉండాయి," అని గొణిగింది. గడియారం ఐదూ నలభై. అప్పుడు దొడ్డ సారు తన మంత్రిని తీసుకొచ్చి, అల్లుడి ఏనుగు ఎదురుగా, ఎవరి కాపలా లేకుండా, నడిబజారులో నిలబెట్టాడు.

మంత్రి! ఊరికే! ఏనుగు ఒక్క అడుగు వేస్తే చాలు. అల్లుడు మంత్రి వైపు చూశాడు. అరచెయ్యి చూసుకున్నాడు. గడియారం చూశాడు. పక్కనున్న బంటును ముట్టుకోబోయాడు.

నాకేమయిందో తెలియదు. రాహువూ గుర్తులేదు, మర్యాదా గుర్తులేదు. తలుపు తోసుకుని బయటికొచ్చేశాను.

"కొట్టప్పా! మంత్రిని కొట్టు! ఏం చూస్తా ఉండావు!"

పదకొండేళ్ళలో ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాటలు అవి. ఆయన ఉలిక్కిపడి, "అట్లనే అత్తమ్మా," అని కొట్టేశాడు. అది నాతో ఆయన అన్న మొదటి మాట. తర్వాత ఇద్దరం ఒకరినొకరు చూసుకుని కొయ్యబారిపోయాం. మీ అమ్మ చేతిలో కాఫీ గ్లాసు పళ్ళెంలో ఊగింది.

దొడ్డ సారు తన ఏనుగు మీద వేలు పెట్టాడు కానీ కదపలేదు. "ఏనుగు వెనక వరస వదిలేసిందమ్మా. ఇప్పుడు నేను ఇదొక్కటి ముందుకు తోస్తే మీ రాజు అయిపోయినాడు," అన్నాడు. చూశాను. నిజమే. నా కళ్ళకు మంత్రి తప్ప ఇంకేదీ కనిపించలేదు. ఆయన తీరిగ్గా వెనక్కి వాలాడు. "ఎర కనిపిస్తే ఆగలేరని రాసినాను కదా. ఈయప్పేమో మంత్రిని పెట్టినా ముట్టడు. వంటింట్లోంచి వచ్చినారు చూడండి, హులి."

"సార్..." అన్నాడు అల్లుడు.

"మంగళవారం మూడింటికి మీటింగు, అప్పా. నువ్వు నా ఎదురుగా కూర్చుని ఆవలిస్తా ఉంటావు. అదే టైమ్‌కు నీ ఏనుగు ఎవరింట్లోనో అటూ ఇటూ పోతా ఉండాది. రెండు నెల్లనుంచి చూస్తా ఉండా, నువ్వే చెప్తావేమో అని. అది నువ్వు కాదని తెల్సు. ఎవరో తెల్సుకోవాలనే వచ్చినా."

అల్లుడు లేచి నిలబడ్డాడు. "తప్పు నాదే సార్. అకౌంటు నాదే అన్నాను, ఆట నాది కాదనలేదు. అందరూ చప్పట్లు కొట్టేసరికి నోరు రాలేదు."

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "ఆయప్పదేం లేదు సార్. నొక్కింది నేను. కావాలంటే ఇప్పుడే మీతో ఆడతా. నేను గెలిస్తే ఆయప్ప ఉద్యోగం ఖాయం చేయండి," అనేశాను. సినిమాల్లో అయితే అక్కడ డోలు మోగాలి.

దొడ్డ సారు నవ్వలేదు, కోప్పడలేదు. "ఉద్యోగం పందెంలో పెట్టేదా అమ్మా? అది ఆయన పని చూసి ఇచ్చేది. అబద్ధం సంగతి ఆఫీసులో మాట్లాడుకుంటాం. ఆట సంగతి వేరే. రండి, కూర్చోండి," అని పావులు మళ్ళీ పేర్చాడు. అల్లుడు కుర్చీ జరిపి నాకిచ్చాడు. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోవడం కూడా అదే మొదలు. నేను గడియారం చూశాను. ఇంకా ఆరు కాలేదు. బంటు దగ్గరకు పోయిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. దొడ్డ సారు నన్ను చూశాడు, గడియారం చూశాడు, గోడ మీద క్యాలెండర్ చూశాడు. ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు.

"రాహుకాలమా! అయ్యో దేవరే! నేను పటాలు గీసినాను!"

ఆరయ్యేదాకా ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చున్నాం. ఆరు కొట్టగానే ఆడాను. చిత్తుగా ఓడిపోయాను. ఎదురుగా మనిషి ఉన్నాడు, ఆయన కళ్ళు నా చేతిమీద ఉన్నాయి, పక్కన అల్లుడు, గుమ్మంలో కూతురు. చెయ్యి తగిలి బంటు కింద పడింది. దాన్ని వెతకడానికి అల్లుడు బల్లకిందకి దూరాడు. ఎక్కడ ఏది పెట్టినా ఎవరో నవ్వుతారనిపించింది. మీద పడే తుఫాను ఎటుపోయిందో, వంటింటి మూల కొళాయి చుక్కలాగా ఆడాను. "ఇది ఆ ఆట కాదే," అన్నాడు దొడ్డ సారు, కాస్త దిగులుగానే. బోర్డు సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నేను ట్యాబ్ ముట్టలేదు. అల్లుడు క్యాంటీన్లో అందరి ముందూ నిలబడి, ఆటగాడు నేను కాదు, మా అత్తమ్మ అని చెప్పాడు. జట్టులోంచి పేరు తీసేశారు. చప్పట్లు కొట్టినవాళ్ళు ఇప్పుడు నవ్వారట. ఖాయం చేసే కాగితం ఇంకో మూడు నెలలు వెనక్కి పోయింది. "అబద్ధానికి మూడు నెలలు. పని చూసినాక సంతకం," అన్నాడట దొడ్డ సారు. ఆ మూడు నెలలూ అల్లుడు గొడ్డులాగా పనిచేశాడు. ఇంటికొచ్చి, నేరుగా నన్నే అడిగేవాడు, "కాఫీ ఉండాదా అత్తమ్మా?" అని. నేనూ నేరుగానే చెప్పేదాన్ని, "ఉండాదప్పా, కూర్చో" అని. మీ అమ్మకు మొదట్లో తోచలేదు, చేతిలో పని లేనట్టు మా ఇద్దరి మధ్య తిరిగేది. సంతకం అయిన రోజు మైసూర్‌పాకు తెచ్చాడు. ముందు నా చేతిలో పెట్టాడు.

నాకు కొత్త అకౌంటు తెరిచింది కూడా ఆయనే. "పేరేం పెట్టాల అత్తమ్మా?" అంటే ఏదో ఒకటి పెట్టప్పా అన్నాను. "ఏదో ఒకటి ఎట్ల? నీ పేరే," అని నా సొంత పేరు, అక్షరం అక్షరం అడిగి, కొట్టాడు. ఫోటో కూడా నాదే, ముక్కుమీద కళ్ళజోడుతో. మొదటి ఆట ఓడాను. రెండోది ఓడాను. వరసగా ఎన్ని ఓడానో చెప్పను, నువ్వు రాసేస్తావు. ఒక్కో ఎత్తుకూ మూడుసార్లు చూసుకుంటాను, అప్పుడూ తప్పే కదుపుతాను. దొడ్డ సారు అడగకుండానే అవన్నీ చూసి, అల్లుడి చేత ఒక చీటీ పంపాడు. బలాల దగ్గర, వెనకటివే, అని రాశాడు. బాగుపడాల్సిన దగ్గర ఒకే మాట ఉంది: భయం.

ఆ అరవై మూడేళ్ళ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం కుళ్ళూ వస్తుంది. ఎంత ధైర్యం దానికి! ఎవడి మీదికంటే వాడి మీదికి మంత్రిని ఎగదోసేది. ఓడితే తన పరువు పోదు కదా, ఇంకేం భయం. ఇప్పుడు అంత తుఫాను నాలో లేదు. ఓడితే ఓడింది నేనే, అన్నం ముద్ద దిగదు. అయినా దానిలాగా మళ్ళీ ఆడమంటే ఆడను. నిన్న మధ్యాహ్నం చాలాసేపు పోరాడి ఒకాటలో గెలిచాను. అవతల ఎవరో, ఏ దేశమో, "బాగా ఆడారు" అని రాశాడు. పైన నా పేరు, కింద ఆ మాట. ట్యాబ్ కాసేపు ముట్టకపోతే చీకటయిపోతుంది కదా, అట్లా చీకటవబోయినప్పుడల్లా వేలితో తడుతూ, ఆ మాట ముందు చాలాసేపు కూర్చున్నాను.